అద్దానికి బదులు

"ఇన్నాళ్లకి నిన్ను నువ్వు సరిగ్గా చూసుకున్నావోయ్! కళ్లలో ఆ అలసట ఎలా పట్టుకున్నావు?" అన్నారు డ్రాయింగు మాస్టారు, నా స్వీయచిత్రాన్ని క్లాసు గోడకి తగిలిస్తూ.

అది నా మొహం కాదండీ అనబోయాను. ఈలోగా చప్పట్లు మొదలయ్యాయి.

అప్పటిదాకా అద్దం ముందు కూర్చుని వేసినవన్నీ, మొహంలో ఏమీ లేదని ఆయన తిప్పి పంపారు. విసుగెత్తి, బేకరీ నుంచి అప్పుడే వచ్చిన మా అన్నయ్యను కిటికీ దగ్గర కూర్చోబెట్టి గీశాను. మేం కవలలం. ఇద్దర్లో ఒకరికే చదువని తేలిన రోజు వాడే ముందుగా పనికి వెళ్లిపోయాడు. కిటికీ దగ్గర వాడు కునికిపాట్లు పడుతుంటే "కదలకురా" అని కసిరాను కూడా. బొమ్మ కింద ‘నేను’ అని రాసుకున్నాను.

"ఇదే మొహం నవ్వుతూ ఇంకోటి వేసుకురా," అన్నారు మాస్టారు, చప్పట్లు ఆగాక.

సాయంత్రం అన్నయ్యను మళ్లీ కూర్చోబెట్టాను.

"కాస్త నవ్వరా."

వాడు పెదాలు సాగదీశాడు. కుదరలేదు. ఇంకోసారి సాగదీశాడు. ఆఖరికి చొక్కాకంటిన పిండి దులుపుకుంటూ లేచాడు.

"నవ్వేదైతే నువ్వే అద్దంలో చూసుకుని వేసుకోరా. మొహం ఒకటేగా."