పచ్చ తలుపు ఇల్లు

"సంపు మూత తియ్యప్పా," అంది ప్రేమకుమారి.

ఇండ్ల బ్రోకరు పిల్లప్ప విడ్డూరంగా చూశాడు. గోడలు తట్టి చూసేవాళ్లూ, ఈశాన్యం ఎటని అడిగేవాళ్లూ అతనికి కొత్త కాదు. నీళ్ల సంపులోకి తొంగిచూస్తానన్న మనిషి మాత్రం కొత్తే.

"ఇనుప మూతమ్మా. నేనే ఎత్తలేను, ఐదేండ్ల నీ కూతురు ఎత్తుతుందా?"

"నీళ్లొచ్చే రోజు ఎవరో ఒకరు ఎత్తుతారు. మాటల్లో పడి మూసేది మర్చిపోతారు. ఆ రోజు నువ్వొచ్చి కావలి కాస్తావా?"

పిల్లప్ప ఆమె భర్త కృష్ణప్ప వైపు చూశాడు. కృష్ణప్ప నేల వైపు చూశాడు.

ఆ ఆదివారం వాళ్లు చూస్తున్న మూడో ఇల్లు అది. బ్రూక్‌ఫీల్డులో చూసిన మొదటి ఇంటికి మిద్దె మీద పిట్టగోడ మోకాలెత్తే ఉంది. "ఇది కట్టినోడికి పిల్లల్లేరా?" అని ఆమె ఓనరు మొహం మీదే అడిగేసింది. రెండో ఇంటి సందులో కుక్కలున్నాయని లోపలికే రాలేదు. ఈ మూడోది ఊరి చివర కాడుగోడిలో. తొంభై ఎనిమిదిలో అది ఇంకా సగం పల్లెటూరే. రెండు గదులు, సొంత కొళాయి, వాకిట్లో జామచెట్టు, గోడకు అవతలే బడి.

జామచెట్టు కింద కూతురు అంబిక గెంతుతోంది. ఈ వాకిట్లోకి వచ్చాక ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆ దగ్గు కోసమే ఈ తిరుగుడంతా. నగర్తపేటలో వాళ్లుంటున్న గదిని ఆనుకుని ఇత్తడి సామాన్లకు పాలిషు పట్టే మిషన్లున్నాయి. ఆ దుమ్ములో ఇంకో ఏడాది ఉంచితే బిడ్డకు ఉబ్బసం ఖాయమని డాక్టరు తిట్టి పంపాడు.

ప్రేమకుమారి ప్రతి గదిలోకీ వెళ్లొచ్చింది. కిటికీ ఊచలు పట్టి లాగింది. కరెంటు ప్లగ్గు ఎంతెత్తున ఉందో జానలతో కొలిచింది. వంక దొరకని కొద్దీ ఆమె మొహం ఎర్రబడుతోంది.

"రైలు పట్టాలు ఎంత దూరం?"

"ఒక మైలు ఉంటుంది."

"పిల్లలు మైలు నడవరా?"

"నడుస్తారు తల్లీ, మద్రాసు దాకా నడుస్తారు!" పిల్లప్ప గొంతు లేచింది. "నగర్తపేటలో లేదా నీకు భయం? కరగ జాతరకు అమ్మవారి ఊరేగింపు రాత్రి మీ సందుల్లో కాలు పెట్టే చోటుంటుందా? ఆ జనంలో బిడ్డను పెట్టుకుని ఎట్లుంటావమ్మా?"

"కరగ మాటెత్తొద్దు!"

ఆ అరుపుకు పక్కింటామె కిటికీ తెరిచి చూసింది.

"కరగ పూట అమ్మ తలుపు బార్లా తీసిపెట్టి గడప మీదే కూచుంటాది. తెల్లారేదాకా," అంది అంబిక దగ్గరికొచ్చి.

"కుక్కలకు భయపడే మనిషి, ఆ జనంలో తలుపు తీసి పెడుతుందా!" పిల్లప్ప కాస్త మెత్తబడ్డాడు. "ఆ తల్లి మీద అంత భక్తి ఉండాదన్నమాట. ఆ తల్లి నిన్ను ఇక్కడ కూడా చల్లగా చూస్తుందిలేమ్మా."

"ఆమె చూసింది చాల్లే."

కృష్ణప్పకు ఇక ఓపిక పోయింది.

"ఏం తక్కువ ప్రేమా ఈ ఇంటికి? ఒక్కటి చెప్పు. ఆరేండ్లు! ఆరేండ్ల నుంచి ఆ గదిని పట్టుకుని వేలాడతా ఉండాం. తలుపుకు రంగు మార్చను ఓనరు మనిషిని పంపితే చీపురు తీసుకుని తరిమినావు. మళ్లా అదే పచ్చ రంగు కొట్టిందాకా అన్నం ముట్టలేదు. ఈ బిడ్డ మొహమన్నా చూడు!"

"చూస్తానే ఉండా. కన్ను పక్కకు తిప్పకుండా చూస్తానే ఉండా. నీకేం, పొద్దున పోతే రాత్రికొస్తావు!"

"పోట్లాట ఇంటికి పోయి పెట్టుకోండి," అంటూ పిల్లప్ప మధ్యలోకి వచ్చాడు. బేరం చెడిపోతుందని అతని భయం. అంబిక ముందు గొంతుక్కూర్చున్నాడు. "పాపా, కొత్త ఇంటి అడ్రసు నేర్చుకుంటావా? తొమ్మిదో నంబరు, బడి వీధి, కాడుగోడి. ఏదీ, చెప్పు."

అంబిక చేతులు కట్టుకుని, తనకు వచ్చిందే గడగడా అప్పజెప్పింది.

"నలభై రెండు, మూడో సందు, నగర్తపేట. పచ్చ తలుపు ఇల్లు. మా నాన్న కృష్ణప్ప, బట్టల అంగడి."

"అబ్బ! మీ అమ్మ నేర్పించిందా? బలే!" పిల్లప్ప నవ్వుతూ లేచాడు. "రెండు రోజుల్లో కొత్తది కూడా వచ్చేస్తుందిలేమ్మా."

"పక్కనుండే బిడ్డకు నేర్పను ఎంతసేపప్పా!"

ప్రేమకుమారి విసురుగా ముందుకొచ్చింది. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పద. ఈ ఇల్లు వద్దు. ఏ ఇల్లూ వద్దు."

"అమ్మా, నొప్పి..."

చెయ్యి వదల్లేదు. వీధి చివరున్న బస్సు స్టాపు దాకా అట్లాగే లాక్కుపోయింది. అక్కడ లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. అంబిక దగ్గు ఈ వాకిలిదాకా వినిపించింది.

పిల్లప్ప తలుపు ధడేలున మూసి తాళం వేశాడు.

"ఏమప్పా కృష్ణప్పా! ఆదివారం పూట నన్ను కుక్కను తిప్పినట్టు తిప్పినారు గదా! ఏముండాదని ఆ దుమ్ము గదిలో? ఉబ్బసం వస్తాదన్నా కదలదే, అసలు తల్లేనా ఆమె? నాలుగు తిట్టి ఒప్పించేది తెలీదా నీకు?"

కృష్ణప్ప పిడికిలి బిగుసుకుంది. కొడతాడేమోనని పిల్లప్ప ఒకడుగు వెనక్కి వేశాడు. కృష్ణప్ప మాత్రం వీధి చివర దగ్గుతున్న కూతురినీ, ఆ చెయ్యి వదలకుండా నిలబడ్డ భార్యనూ చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా పిడికిలి వదులైంది.

"కరగ జనంలో తప్పిపోయిన మా పెద్దోడికి ఆ అడ్రసు ఒక్కటే తెలుసప్పా."