కిటికీ గూట్లో మైకు

మా ఆయన పోయాక ఆయన హార్మోనియం నేనే వాయిస్తున్నాను. నా చేత నాటకం పద్యాలు పాడించి క్యాసెట్లకు ఎక్కించాలని మా మరిది త్రికోటి పట్టుదల. బయటి చప్పుడు రాకుండా కొట్టుగది గోడలకు గోనెపట్టాలు కొట్టాడు. మాచర్లలో రేడియో కొట్టు అలీ సాహెబ్ రెండు టేపురికార్డర్లు ఇచ్చి, నచ్చింది ఉంచుకోమన్నాడు.

మొదటిదానికి మైకు లోపలే ఉంది. నా పద్యం కన్నా దాని మోటారు రొదే ఎక్కువ పడింది.

"ఇది తిరగలి, వదినా," అని నవ్వాడు త్రికోటి. రెండోదాని మైకుకు పొడుగు వైరుంది. దాన్ని మోటారుకు దూరంగా, మూసిన కిటికీ గూట్లో పెట్టాడు. "దీనికి చీమ నడిచినా వినపడుద్ది. నేను బీడీ తాగొస్తా. నువ్వు గొంతెత్తి పాడు."

ఊళ్లో కక్షలు రేగి ఉన్నాయి. తలుపు గడియ పెట్టుకొని, హార్మోనియం వాయిస్తూ పద్యమంతా పాడాను. తర్వాత టేపు వెనక్కి తిప్పి విన్నాను.

నా గొంతు చక్కగా పడింది. దాని వెనక ఎవరో పరుగెత్తుతున్నారు. గొడ్డలి దెబ్బ పడింది, ఎముక విరిగింది. "తలుపు తియ్యొద్దు వదినా," అని త్రికోటి అరిచాడు, నోట్లో నెత్తురు గుడగుడలాడుతుంటే. ఆ తర్వాత అరుపు ఆగింది గాని దెబ్బలు ఆగలేదు. టేపులో నేను రాగం తీస్తూనే ఉన్నాను.

టేపు ఆపాను. తలుపు కింది సందులోంచి నెత్తురు లోపలికి పాకుతోంది.

మెల్లగా తలుపు తట్టిన చప్పుడైంది.

"వదినా," అన్నాడు త్రికోటి, ఎప్పటి గొంతుతోనే. "తలుపు తియ్యి. రెండిట్లో ఏది బాగా పలికింది?"