వెనక్కి గెంతే మాట

"రెజిలియన్స్," అన్నారు జడ్జిగారు.

మైక్ ముందున్న రుత్విక్ అక్షరాలు మొదలుపెట్టకుండా జనం వైపు చూశాడు. స్పెల్లింగ్ పోటీ జరుగుతున్న పిస్కాటవే స్కూల్ హాల్లో, ముందు వరుసలో కూర్చున్న వాళ్ళమ్మ త్రివేణి కంగారుగా ముందుకి వంగింది. ఈ ఒక్క స్పెల్లింగ్ చెబితే వాడు ఫైనల్స్‌కి వెళ్తాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పే మాటే ఇది!

పార్సిప్పనీ నుంచి వేరే కారులో వచ్చిన ఫణి, ఆమెకి ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాలు విడిగా ఉంటున్నప్పటి నుంచీ ఎక్కడికెళ్ళినా మధ్యలో ఓ ఖాళీ కుర్చీ తప్పడం లేదు.

"అర్థం చెప్తారా?" అడిగాడు రుత్విక్.

"దెబ్బ తిన్నా మళ్ళీ లేచి నిలబడే గుణం."

ఈ పోటీల్లో పిల్లలు అర్థాలు అడుగుతున్నారంటే నీళ్ళు నములుతున్నట్టే.

"ఏమైంది వీడికి?" ఫణి ఆదుర్దాగా ఖాళీ కుర్చీలోకి జరిగాడు.

"ఏ భాష నుంచి వచ్చింది?"

"లాటిన్."

"దీంట్లో గెంతడం అనే లాటిన్ రూట్ ఉందా?"

"ఉంది. వెనక్కి గెంతడం."

రుత్విక్ చూపు ముందు వరుస మీదికి తేలిపోయింది. పెదవుల మీద చిన్న నవ్వు. ఆ దీపాల వెలుగులో వాడు మబ్బు మీద నిలబడి ఎటో వెళ్ళిపోతున్నట్టున్నాడు. హాలంతా మెత్తటి నిశ్శబ్దం. త్రివేణికి తనూ నేల మీద లేనట్టే అనిపించింది. అంత భయంలోనూ ఎందుకో ప్రాణానికి హాయిగా ఉంది.

"ఒక సెంటెన్స్‌లో చెప్తారా?"

చెప్పారు.

"ఇంకోసారి పలుకుతారా?"

పలికారు.

గంట మోగింది. టైమ్ అయిపోయింది.

స్టేజి దిగొచ్చిన కొడుకుని చూస్తే త్రివేణికి ఏడుపు ఆగలేదు. "నీకు కొట్టిన పిండి కదరా ఆ వర్డ్! ఎందుకు స్పెల్ చేయలేదు?"

"మర్చిపోయావా నాన్నా?" అన్నాడు ఫణి జాలిగా.

"నో డాడీ, నాకు తెలుసు." రుత్విక్ వాళ్ళిద్దరి కుర్చీల మధ్యకి చూశాడు. "నేను క్వశ్చన్స్ అడుగుతుంటే నువ్వు అమ్మ చెయ్యి పట్టుకున్నావ్. స్పెల్ చేసేస్తే వదిలేస్తావ్ కదా!"