అత్తగారి సంచి

నా నోట అబద్ధం పుట్టదు. అనుమానం ఉన్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి. అడగ్గానే నవ్వేవాళ్ళను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, వాళ్ళకు నేనంటే కుళ్ళు.

"ఎలుక!" అని కేక పెట్టాడు పడవ నడిపే సరంగు, ఒడ్డుకు విసరబోయిన తాడును చేతిలోనే ఆపేసి. "చెక్క కిందినుంచి ఇటే పరిగెత్తింది సార్. నా కళ్ళతో చూశాను."

రేవు మీద నిలబడ్డ దీవి గార్డు మొహంలో నెత్తురు చుక్క లేదు. "పడవ కట్టొద్దు! అక్కడే ఆపు!"

ఆ దీవిలో పక్షులు చెట్టెక్కి గూడు కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. ఎలుకన్నది పుట్టి ఎరగవు గనుక దాన్ని చూసి పారిపోవడం కూడా వాటికి రాదు. పక్కదీవిలోనూ ఒకప్పుడు ఇవే పక్షులు ఉండేవి. ఎవరి గంపలోనో దాక్కుని చూలుతో ఉన్న ఎలుక ఒకటి దిగింది. ఇప్పుడక్కడ ఇసుక ఉంది, ఎలుకలున్నాయి, అంతే. అందుకే ఈ దీవి చూడవచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, తెచ్చుకున్నవన్నీ దులిపి చూపించాకే కాలు పెట్టాలి.

గార్డు నడుం లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. "ఎవరి సంచులు వాళ్ళు విప్పండి. ఎలుక దొరికితేనే దిగడం."

పడవలో వచ్చిన కెమెరా ఆయన పెట్టె తెరిచి బనీన్లతో సహా దులిపాడు. టీచరమ్మ చేతిసంచి బోర్లించింది. దువ్వెన, కళ్ళజోడు, బిస్కెట్ పొట్లం పడ్డాయి. పొట్లం మూల కొరికేసి ఉంది. "అమ్మో!" అంటూ ఆవిడ కాళ్ళు పైకి పెట్టేసుకుంది. సరంగు చెక్కలన్నీ ఎత్తి చూశాడు, తాళ్ళ చుట్టలు విప్పి చూశాడు. ఎక్కడా లేదు.

ఇక మిగిలింది మూతి ముడివేసిన ఒక గుడ్డసంచి. పక్కన పిడికిలి పట్టేంత చిరుగు. దాన్ని కాళ్ళ దగ్గర నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది వేరెవరో కాదు, సాక్షాత్తూ గార్డుకు పిల్లనిచ్చిన అత్తగారు.

"అత్తయ్యగారూ..."

"ఏం అల్లుడుగారూ?"

"ఆ సంచి కూడా ఒక్కసారి..."

"నా చీరలూ జాకెట్లూ ఇంతమంది మగాళ్ళ ముందు దులపాలా? పిల్లనిచ్చినందుకు బాగానే ఉంది మర్యాద!"

"మగాళ్ళెందుకు పిన్నిగారూ, నేను చూస్తాను, ఇలా ఇవ్వండి," అంది టీచరమ్మ.

"నువ్వెవరమ్మా చూడ్డానికి? నేనేమన్నా దొంగనా?"

కెమెరా ఆయనకు ఒళ్ళు మండింది. "నా బనీన్ల చిరుగులు సముద్రంలో చేపలు కూడా చూశాయి. ఆవిడ సంచి ఏమన్నా ఖజానానా?"

రేవు మీదికి గార్డు భార్య పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ! మా అమ్మ మొదటిసారి మనింటికొస్తే నీళ్ళ మీద నిలబెడతారా?"

"నువ్వు కాసేపు ఊరుకో. లోపల ఎలుక ఉంటే?"

"మా అమ్మ సంచిలో ఎలుకలా? అంటే మా పుట్టిల్లు ఎలుకల కొంపనా?"



"సార్," అన్నాడు సరంగు కిందికి చూస్తూ, "నీళ్ళు తీసేస్తున్నాయి. ఇంకాసేపుంటే పడవ రాళ్ళ మీద కూర్చుంటుంది. దింపమంటారా, తిప్పమంటారా?"

"తిప్పించవయ్యా," అంది అత్తగారు. "తిప్పితే మాత్రం ఈ జన్మలో మీ గడప తొక్కను. నా కూతురు కూడా నాతోనే వస్తుంది."

అప్పుడు సంచి కదిలింది. అందరూ చూశారు.

"అల," అంది అత్తగారు.

సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది.

గార్డు వెనక్కి తిరిగి చూశాడు. రేవుకు నాలుగడుగుల దూరంలో ఒక పక్షి గుడ్ల మీద కూర్చుని, ఈ గొడవంతా తన కోసమేనని తెలియక, తీరిగ్గా రెక్క సర్దుకుంటోంది. అతను చెయ్యి చాచి సంచి ముడి మీద వేశాడు. అత్తగారు అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"క్షమించండి అత్తయ్యగారూ," అని ముడి లాగేశాడు.

లోపలినుంచి పిల్లి దూకింది! బూడిదరంగు బొద్దు పిల్లి. నోట్లో ఎలుక.

పడవంతా గొల్లున నవ్వింది. "ఏం చెయ్యమంటావు నాయనా," అని అత్తగారు కొంగుతో మొహం కప్పుకుంది, "ఒంటరిగా వదిలేసి వస్తే ఇది అన్నం ముట్టదు." గార్డు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఎలుకను మూత డబ్బాలో బిగించాడు. పిల్లిని మళ్ళీ సంచిలో పెట్టి, ముడేసి, చిరుగు కుట్టించి, సరంగుకు అప్పగించాడు. ఆ తర్వాతే అందరూ దీవి మీద కాలుపెట్టారు.

నా నోట అబద్ధం పుట్టదన్నాను కదూ? ఒక్కటి పుట్టింది. నాలుగు కాళ్ళతో, తోకతో, మీసాలతో పుట్టింది. ఆ పిల్లి నేను పుట్టించింది. ముడి లాగడానికి ముందుదంతా జరిగినట్టే చెప్పాను. ముడి మీద వేసిన చెయ్యి వేసినట్టే వెనక్కి వచ్చేసింది. పడవను రేవుకు కట్టించి, అల్లుడు తన అత్తగారిని చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దీవి మీదికి దింపుకున్నాడు, సంచితో సహా.