రూపవతి ఆంటీ ప్రార్థన

"నా ఉద్యోగం పోయిందని మీకొక్కరికే చెప్పాను ఆంటీ. చర్చి మైకులో ఎందుకు చెప్పారు?"

కెనడాలోని విన్నిపెగ్ మంచులోంచి సూట్‌కేసుతో వచ్చిన చరిత, గుమ్మం లోపల డోర్‌మ్యాట్ మీదే నిలబడి అరిచింది.

"చెప్పలేదమ్మా, ప్రార్థన చేశాను. నీ పేరు పెట్టి, కన్నీళ్లతో దేవుడికి చెప్పుకున్నాను," అంది రూపవతి.

"దేవుడికంటే ముందు మా హౌస్ ఓనర్ విన్నాడు. గట్టిగా ఆమెన్ కూడా అన్నాడు. ఇంటికెళ్లగానే, జాబ్ లేనిదానివి రెంట్ ఎలా కడతావని రూమ్ ఖాళీ చేయించాడు."

"అయ్యో! ప్రభువు నీకు ఇంకో ఇల్లు చూపిస్తాడులే."

"మీ బేస్‌మెంట్ ఖాళీయేగా. రూమ్ దొరికేదాకా ఉండనివ్వండి."

"అది దేవుడికి ప్రతిష్ఠించిన గది. శుక్రవారం ప్రార్థన కూడికలు అక్కడే. నిన్నెలా ఉంచను? ఆగు, నీకోసం ఇప్పుడే ప్రార్థన చేస్తాను."

రూపవతి చున్నీ తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఆమె ప్రార్థన త్వరగా ముగియదని, మధ్యలో కళ్లు తెరవదని సంఘంలో అందరికీ తెలుసు.

"దిక్కులేని ఈ బిడ్డకు నీడ చూపించు తండ్రీ..."

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి డోర్‌మ్యాట్ మీద తడి బూట్లు మాత్రమే ఉన్నాయి. కింద, ప్రార్థన గదికి లోపలినుంచి గడియ పడింది.

"ఈసారి దేవుడే ముందు విన్నాడు ఆంటీ!"