ఎల్లమ్మ ఎడమ చెయ్యి

ఫిల్మ్ నగర్‌లో స్టూడియో గేటు ఎదురుగా ఉన్న ఎల్లమ్మ మిర్చి బజ్జీల బండి దగ్గరికి ఒక పెద్దాయన ఎనిమిది రోజులుగా వస్తున్నాడు.

రోజూ నాలుగు బజ్జీలు తీసుకుంటాడు. రెండు తింటాడు. మిగతా సేపంతా ఎల్లమ్మ చేతుల వంకే చూస్తాడు.

ఆ చేతులకు వీధిలో పేరుంది. కుడి చేత్తో ఒక మిర్చి పిండిలో ముంచితే, ఎడమ చేతిలో ఇంకోటి మునిగేది. రెండూ ఒక్కసారే నూనెలో పడేవి. అది నలభై ఏళ్ళ పనితనమని అందరూ అనుకునేవారు. ఎల్లమ్మ కూడా అదే అనుకునేది.

ఫిల్మ్ నగర్‌లో మాట్లాడకుండా మనిషిని చూసేవాడు డైరెక్టరే అయ్యుండాలి. తొమ్మిదో రోజు ఎల్లమ్మ మొహానికి పౌడరు రాసుకుని, పెళ్ళిళ్ళకు కట్టే చీరలో బండి దగ్గరికొచ్చింది. పొయ్యి సెగకు పౌడరు చారలు కట్టినా తుడుచుకోలేదు. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న కోడలు పద్మప్రియ నవ్వాపుకుంది.

హైటెక్ సిటీలో నెలకో కొత్త కంపెనీ తెరుచుకుంటున్న రోజులవి. కొడుకు కమలాకర్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకు కారు తోలుతూ ఇంటిపట్టున ఉండేవాడు కాదు. అందుకని పదేళ్ళ మనవరాలు మనోజ బడి వదలగానే బండి దగ్గరికే వచ్చి, స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది.

కుడి చేత్తో రాస్తుంటే ఆమె ఎడమ చెయ్యి కూడా గాలిలో అవే అక్షరాలు తిరగేసి రాసేది.

టీచరు అది అల్లరనుకుని, ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చోమనేది. ఎల్లమ్మ లెక్కలో తప్పంతా కోడలిది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కూరగాయలు తరిగిందట. పదేళ్ళుగా బండి దగ్గర అందరి ముందూ ఆ మాట వింటున్న పద్మప్రియ జవాబు చెప్పడం ఎప్పుడో మానేసింది.

ఆ రోజు పెద్దాయన నోరు విప్పాడు.

"అమ్మా, ఎడమ చెయ్యి కదపకుండా కుడి చేత్తో ఒక్క బజ్జీ వెయ్యగలరా?"

ఇదే పరీక్ష అనుకుంది ఎల్లమ్మ. ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడి చేత్తో మిర్చి ముంచింది. నడుం మీది వేళ్ళు వట్టి గాలిని పట్టుకుని, ముంచి, వదిలాయి. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అంతే.

పెద్దాయన మనోజ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. మెదడులో కుడివైపు నుంచి బయల్దేరిన నరాలు ఎడమ చేతికి పోవాలట. ఎడమవైపువి కుడి చేతికి. బిడ్డ కడుపులో ఉండగానే అవి మెడ పైన అటువి ఇటు, ఇటువి అటు దాటాలి. ఎక్కడ దాటాలో చెప్పేది జన్యువు. అందులో చిన్న తప్పుంటే కొన్ని నరాలు దాటవు. అప్పుడు ఒక చేతికిచ్చిన ఆజ్ఞ రెండో చేతికీ చేరుతుంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

"మరి పిల్లకు ఎవరి నుంచి వచ్చింది సార్?" అంది పద్మప్రియ.

"మీ అత్తగారి నుంచి. మీ ఆయనలో దాక్కుని, పాపలో బయటపడింది."

నానమ్మా మనవరాలూ బంజారాహిల్స్‌లో ఒక డాక్టరు దగ్గరికెళ్ళి నాలుగు చెంచాల రక్తమిస్తే ఇలాంటి పిల్లలు చాలామందికి మేలు జరుగుతుందని కూడా అన్నాడు.

ఎల్లమ్మ చిల్లుల గంటె ఎత్తింది.

"సినిమాల వేషమిస్తవనుకుంటే నా వంశానికే వంక పెడ్తవా? గీడికెల్లి నడువు."

గంటె ఉన్న కుడి చేతితో పాటు, ఏమీ లేని ఎడమ చెయ్యి కూడా అంతే కోపంగా లేచింది.

పెద్దాయన చిరునామా రాసిన కాగితం బండి మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎల్లమ్మ దాన్ని బజ్జీలు కట్టడానికి తీయబోతే పద్మప్రియ లాక్కుంది. అత్త చేతిలోంచి ఏదైనా లాక్కోవడం ఆమెకదే మొదలు.

ఆయన మళ్ళీ రాలేదు. చేతికొచ్చిన వేషం పోయిందని ఎల్లమ్మ కొన్నాళ్ళు బాధపడింది. ఎవరూ చూడనప్పుడు ఒంటి చేత్తో బజ్జీ వెయ్యాలని చూసేది. కుదిరేది కాదు. గ్రహణం మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

రెండు నెలలకు, చేతి అల్లరి మానడం లేదని బడివాళ్ళు మనోజను ఇంకో స్కూల్లో వేసుకోమన్నారు. పద్మప్రియ కాగితం బయటికి తీసింది. రమ్మనకపోయినా ఎల్లమ్మ కూడా వెంట నడిచింది.

డాక్టరు లీలాకుమారి ఇద్దరి చేతులూ పరీక్షించి, పెద్దాయన చెప్పిందే చెప్పింది. ఇది అల్లరి కాదని, పిల్లను బడి మాన్పించొద్దని, రాయడానికి కొంచెం ఎక్కువ సమయమిస్తే చాలని బడికి ఉత్తరం ఇస్తానంది.

ఎల్లమ్మ తల దించుకుంది.

"గీ మాటే ఆ సారు చెప్పిండమ్మా. గంటెతోటి ఎల్లగొట్టిన. జర ఆయనకు చెప్పు, ఎంత రక్తమైనా తీస్కొమ్మను."

"ఆయన పోయిన నెల చనిపోయారమ్మా."

ఎల్లమ్మ మెల్లగా అడిగింది. "ఆయన గంత పెద్ద డాక్టరా?"

లీలాకుమారి ఉత్తరం రాస్తోంది. బల్ల మీదున్న ఆమె ఎడమ చేతి వేళ్ళు కూడా, పెన్ను లేకుండానే, అక్షరం వెంట అక్షరం కదులుతున్నాయి. మనోజ కళ్ళార్పకుండా చూస్తోంది.

"డాక్టరు కాదు," అంది ఆమె తలెత్తకుండా. "మా ఊరి బళ్ళో లెక్కల మాస్టారు. చిన్నప్పుడు నేను అల్లరి చేస్తున్నాననుకుని, ఈ చేతిని బెత్తంతో వాచేలా కొట్టిన మా నాన్న."