పాటగాడు అచ్చేసిన నవల

ఫ్రాన్స్‌లోని నాంత్ ఊరి పుస్తక ప్రదర్శనలో ముసలావిడ చాపిన పాత పాటల రికార్డును లోయిక్ మెల్లగా పక్కకు నెట్టాడు.

"పాడటం ఎప్పుడో మానేశానండీ. ఇప్పుడు పుస్తకాలు వేస్తున్నా. సంతకం కావాలంటే మా కొత్త రచయిత్రి ఓడిల్ పెడుతుంది."

ఓడిల్ మురిసిపోతూ తన మొదటి నవల తెరిచి, కలం తీసింది.

"ఆ నవల చదివేశాలే," అంది ముసలావిడ, లోయిక్‌తోనే. "ఆడపేరు పెట్టుకుంటే పట్టుకోలేమనుకున్నావా? అదే వాన, అదే రేవు, ఓడెక్కి పోయే అదే పిల్ల... అన్నీ నీ పాటలేగా!"

ఓడిల్ ఉలిక్కిపడింది. "నేను రాసిచ్చినప్పుడు వాన లేదు. మీరే కదండీ, వాన పడితే బాగుంటుందన్నారు? ఆ రేవు కూడా..."

లోయిక్ ఆ మాట వినలేదు. వెలిగిపోతున్న మొహంతో ముసలావిడ వైపు వంగాడు. "ఏది ఏ పాటలోదో కూడా గుర్తుందా అండీ?"

ఓడిల్ కలం అతని చేతిలో పెట్టి, కుర్చీ ఖాళీ చేసింది.